ఆ పిల్ల ఇంటికెట్లా పోయింది?

మా పిన్నికి ఎనభై దాటాయి. కిందటి వేసవిలో తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో రెండు వారాలు ఉంది. ఒక సాయంత్రం టీవీ సీరియళ్లు విసుగొచ్చి, "నువ్వేవో పాత సినిమాల మీద రాస్తుంటావు గదా, వాటిల్లో ఒకటి పెట్టవే, చూద్దాం" అంది. నేను పెట్టింది 1932లో వచ్చిన ఇటాలియన్ సినిమా. పిన్నికి సబ్‌టైటిళ్లు చదివే ఓపిక లేదు కాబట్టి పక్కన కూచుని మాటలన్నీ తెలుగులో చెబుతూ పోయాను. మా అమ్మాయి, దాని స్నేహితురాలు కూడా వచ్చి చాప మీద కూలబడ్డారు.

సినిమా గంటకు కాస్త పైన. హాయిగా నవ్విస్తుంది. అందులో ఒక ఘట్టం ఉంది. ఒక ఇంట్లో కారు డ్రైవరుగా పనిచేసే కుర్రాడు యజమాని కారును తనదే అన్నట్టు నటించి, సెంట్ల షాపులో పనిచేసే అమ్మాయిని మిలాన్ నగరం దాటించి సరస్సుల వైపు షికారు తీసుకెళ్తాడు. ఒక పల్లెటూరి హోటల్లో కూచుంటారు. పాట వస్తుంది, డాన్సు చేస్తారు. ఇంతలో యజమాని భార్య అక్కడే ఎదురుపడుతుంది. కుర్రాడికి ఇక గత్యంతరం లేదు, ఆమెను ఎక్కించుకుని ఊళ్లోకి బయల్దేరాలి. అమ్మాయి హోటల్లో ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఆమె కోసం వెనక్కి రావాలన్న తొందరలో అతను కారును గుద్దేస్తాడు. మేం ముగ్గురం పగలబడి నవ్వుతున్నాం. పిన్ని నవ్వలేదు. "అది సరేనే, ఆ పిల్ల ఇంటికెట్లా పోయింది?" అంది.

"పోతుందిలే పిన్నీ, చూడు" అన్నాను. నిజమే, పోయింది. ఇలాంటి కామెడీల్లో దారి తప్పి ఎవరూ చెడిపోరు. ఆ భరోసా ఉండబట్టే మనం నవ్వగలుగుతాం. కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఈ సినిమాను ఎన్నోసార్లు చూశాను, దీని మీద వచ్చినవి చదివాను, రెండుసార్లు తరగతిలో పాఠం కూడా చెప్పాను. ఒక్కసారీ నాకు ఆ ప్రశ్న తట్టలేదు. ఎందుకని? నేను ఎవరి వెంట ఉండి ఈ సినిమా చూస్తూ వచ్చాను?

సినిమా పేరు 'ల్యి ఉవోమిని, కె మస్కాల్త్సోని...'. దర్శకుడు మారియో కామెరీని, నిర్మించింది రోమ్‌లోని చీనెస్ సంస్థ. అప్పటికి ఇటలీలో సినిమా నోరు విప్పి రెండేళ్లు కూడా నిండలేదు. తొలి టాకీ 'లా కాన్త్సోనె దెల్లామోరె' 1930 అక్టోబరులో వచ్చింది. బరువైన శబ్దయంత్రాలు కెమెరాను స్టూడియోలో కట్టిపడేసిన రోజులవి. కామెరీని మాత్రం కెమెరాను మిలాన్ వీధుల్లోకి, ట్రాముల మధ్యకి, ఏటేటా అక్కడ జరిగే పారిశ్రామిక ప్రదర్శనలోకి తీసుకెళ్లాడు. 1932 ఆగస్టులో మొట్టమొదటి వెనిస్ చలనచిత్రోత్సవంలో ఈ సినిమా ప్రదర్శించారు. నాటకాల్లో పేరు తెచ్చుకున్న విట్టోరియో డి సికా దీంతో సినిమా స్టార్ అయ్యాడు. చెజారె ఆంద్రెయా బిక్సియో బాణీ కట్టిన 'పార్లామి దామోరె, మరియూ' పాట ఇటలీలో ఇప్పటికీ పాడుకుంటారు. ప్రేమ గురించి నాతో మాట్లాడు అని ఒక ఆడపిల్లను అడగడం ఆ పేరుకి అర్థం.

అమ్మాయి పేరు మరియుచ్చా. లియా ఫ్రాంకా నటించింది. తండ్రి తాదీనో రాత్రి షిఫ్టులో టాక్సీ నడుపుతాడు. అతను తెల్లారి ఇల్లు చేరే వేళకి కూతురు లేచి పనికి తయారవ్వాలి. ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు కష్టజీవులు గడప దగ్గర కలుసుకుని విడిపోతుంటారు. నాకు ఈ సినిమాలో చాలా ఇష్టమైన సంగతి ఇదే. ప్రేమకథ మొదలవ్వకముందే ఆ పిల్లకి ఒక ఉద్యోగం ఉంది, ట్రాములో వెళ్లే దారి ఉంది, తనదైన రోజు ఉంది. కుర్రాడు బ్రూనో వీధిలో ఆమెను చూసి సైకిల్ మీద ట్రాము వెంటపడతాడు. సైకిల్ అబ్బాయి ఆమె కంటికి ఆనడు. మర్నాడు అతను కారుతో వస్తాడు. అప్పుడు ఎక్కుతుంది.

ఇక్కడ బ్రూనో పక్షాన ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. అతని అబద్ధంలో దురాశ లేదు. రోజంతా ఇంకొకరి బండి నడిపి, ఇంకొకరి తలుపు తీసి నిలబడే మనిషి, ఒక్క పూట తన కోసం ఆ తలుపు తీసుకోవాలనుకున్నాడు. సైకిల్ ఉన్నవాడికి దక్కని చూపు కారు ఉన్నవాడికి దక్కుతుందని లోకమే అతనికి నేర్పింది. ఆ లోకంలో మరియుచ్చా కూడా ఒక భాగం. ఆమె కారు చూసి ఎక్కలేదని మనం బుకాయించనక్కర్లేదు. కానీ షికారు ఇష్టపడటం అబద్ధం ఆడటం ఒకటి కావు. వారమంతా కౌంటర్ వెనక నిలబడి ఇతరుల ఒంటికి సెంటు అమ్మే పిల్లకి ఒక మధ్యాహ్నం సరస్సు గాలి కావాలనిపిస్తే అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆమె ఏం కోరుకుందో అది ఆమె ముఖం మీదే ఉంది. అతను ఎవరో అదే అతని ముఖం మీద లేదు.

అయినా అబద్ధం దగ్గరే ఆగిపోతే పిన్ని ప్రశ్న మనకి అర్థం కాదు. ఆమె "వాడు ఎందుకు అబద్ధమాడాడు?" అని అడగలేదు. నీతిశాస్త్రం చదువుకున్నవాళ్లం మనం అడిగేది అది. అబద్ధం ఎప్పుడైనా ఒప్పా, మంచి ఉద్దేశంతో ఆడితే ఒప్పా, ఎంత చిన్నదైతే ఒప్పా అని తర్కిస్తాం. సిసెలా బోక్ 1978లో అబద్ధం మీద రాసిన పుస్తకంలో ఈ తర్కమంతా చాలావరకు అబద్ధమాడేవారి వైపు నుంచే నడుస్తుందని గుర్తు చేసింది. ఆడేవారికి తమ ఉద్దేశం తెలుసు, కాబట్టి తమ అబద్ధం ఎప్పుడూ తేలికగానే కనపడుతుంది. మోసపోయినవారి వైపు నిలబడి చూడమంది ఆమె. అటునుంచి చూస్తే ఉద్దేశం కనపడదు. తన ప్రమేయం లేకుండా తన రోజును ఎవరో నిర్ణయించేశారన్నది కనపడుతుంది.

మరియుచ్చా వైపు నుంచి ఆ హోటల్ ఎలా ఉంటుంది? ఊరు కాని ఊరు. చేతిలో డబ్బుల్లేవు. తీసుకొచ్చినవాడు మాయమయ్యాడు, ఎందుకో తెలీదు. అతని గురించి తనకి తెలిసిందల్లా నిజం కాదని ఇంకా తెలీదు. పొద్దు వాలుతోంది. బల్ల మీద ఉన్న వాటికి డబ్బు ఎవరు కట్టాలి? నాన్న తెల్లారి వచ్చేసరికి ఇంట్లో లేకపోతే? హోటల్లో ఉన్నవాళ్లు తనని ఏమనుకుంటున్నారు? బ్రూనోకి అయిన నష్టం కళ్లకి కనపడే నష్టం. కారు గుద్దుకుంది, ఉద్యోగం పోయింది. సినిమా దాన్ని లెక్క కడుతుంది, మనం అయ్యో పాపం అంటాం. ఆమెకి అయిన నష్టానికి లెక్క లేదు, ఎందుకంటే చివరికి ఏమీ జరగలేదు. "ఏమీ జరగలేదు కదా" అనే మాట ఆడవాళ్లకి ఎంత పాతదో మనకి తెలుసు. జరగకుండా ఆ పిల్ల ఎంత జాగ్రత్తపడిందో, ఎంత భయపడిందో ఆ మాట కింద కప్పడిపోతుంది.

ఆ కాలపు ఇటాలియన్ కామెడీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకొక సంగతి కనిపిస్తుంది. 1931లో గొఫ్రెడో అలెస్సాంద్రీని తీసిన 'లా సెగ్రెతారియా ప్రివాతా'లో బ్యాంకు డైరెక్టరు తానొక మామూలు ఉద్యోగినన్నట్టు నటిస్తాడు, టైపిస్టు అతన్ని ప్రేమిస్తుంది. 1935లో కామెరీని తీసిన 'దరో ఉన్ మిలియోనె'లో కోటీశ్వరుడు బీదవాడి బట్టలు వేసుకుంటాడు. 1937లో వచ్చిన అతని 'ఇల్ సిన్యోర్ మాక్స్'లో పేపర్లు అమ్మే దుకాణదారు ఉన్నతకుటుంబీకుడి వేషం వేస్తాడు. ఈ చివరి రెండింట్లోనూ హీరో డి సికానే. పైవాడు కిందికి దిగుతాడు, కిందివాడు పైకి ఎక్కుతాడు. దిశ ఏదైనా వేషం మగవాడిది. ఎదురుగా ఉన్న ఆడపిల్ల తన బట్టల్లో, తన పేరుతో, తన పనిలో ఉంటుంది. కథ ఆమెకి పెట్టే పరీక్ష ఏమిటంటే, వేషం తీసేశాక కూడా అతన్ని ప్రేమిస్తుందా అని. అబద్ధం అతనిది, పరీక్ష ఆమెది.

ఇంకా ఒక మెట్టు ముందుకెళ్తుంది మన సినిమా. నిజం తెలిశాక, అతని ఉద్యోగం పోయాక, ఇద్దరూ ఆ పారిశ్రామిక ప్రదర్శనలో పనిచేస్తుంటారు. అక్కడ ఆమె ఒక డబ్బున్న పెద్దమనిషితో కనిపిస్తుంది. బ్రూనోకి అనుమానం, అసూయ, కోపం. మొదటిరోజే తను ఎవరో దాచినవాడు ఇప్పుడు ఆమె ఎవరితో ఎందుకు ఉందో సంజాయిషీ అడిగే స్థానంలోకి వచ్చాడు. సినిమా దీన్ని కూడా సరసంగా నడిపిస్తుంది, డి సికా ముఖంలో ఆ అలక ఎంత ముద్దొస్తుందంటే మనకి ఈ తలకిందులు కనపడదు. ముద్దొచ్చే మనిషిని లెక్క అడగడం మొరటుతనంలా అనిపిస్తుంది. మనోహరంగా ఉండటం కూడా ఒక అధికారమే. దాని మీద మనం రాయవలసినంత రాయలేదు.

ఇదంతా ఏ కాలంలో? ముసోలినీ అధికారానికి వచ్చి పదేళ్లయింది. 1926లోనే పేరున్న ఉన్నత పాఠశాలల్లో సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం బోధించే పదవులను స్త్రీలకు మూసేశారు. 1927లో పెళ్లికాని మగవాళ్ల మీద పన్ను వేశారు. దేశానికి జనాభా కావాలి, అందుకు పెళ్లిళ్లు కావాలి. 1938కి వచ్చేసరికి ఆఫీసుల్లో ఆడవాళ్లు నూటికి పదిమందికి మించకూడదని చట్టం వచ్చింది. మరియుచ్చా లాంటి పిల్లలు షాపుల్లో, ఆఫీసుల్లో, ట్రాముల్లో కనిపిస్తున్నారు, వాళ్లు లేకపోతే ఆధునిక నగరమే లేదు. అదే సమయంలో వాళ్లని ఇంటికి పంపే ఏర్పాట్లు జరుగుతున్నాయి. కథలో రాజకీయం ఊసు లేదు, ఉపన్యాసం లేదు. అందుకే చాలామంది దీన్ని అమాయకమైన సినిమా అంటారు. అమాయకమో కాదో గానీ, ఆ పిల్లకి పెళ్లి తప్ప వేరే ముగింపు ఊహించలేకపోయిన సినిమా ఇది.

పెళ్లితో అన్నీ కడిగేసుకోవచ్చన్న నమ్మకం సినిమాలకే పరిమితం కాలేదు. 1931 జులైలో అమల్లోకి వచ్చిన ఇటలీ శిక్షాస్మృతిలో 544వ నిబంధన ప్రకారం అత్యాచారం చేసినవాడు ఆ స్త్రీనే పెళ్లి చేసుకుంటే నేరం రద్దయ్యేది. పరువు కోసమని భార్యనో కూతురినో చెల్లెలినో చంపినవాడికి శిక్ష తగ్గించే 587వ నిబంధన కూడా అందులోనిదే. 1965 చివర్లో సిసిలీలో అపహరణకి గురైన ఫ్రాంకా వియోలా అనే పదిహేడేళ్ల పిల్ల, నన్ను చెరచినవాణ్ణి పెళ్లాడను అని తెగేసి చెప్పి కోర్టుకెక్కింది. దేశం నివ్వెరపోయింది. అయినా ఆ రెండు నిబంధనలూ పోవడానికి 1981 దాకా పట్టింది. బ్రూనో ఆడిన అబద్ధాన్ని ఆ నేరాలతో సమానం చెయ్యడం నా ఉద్దేశం కాదు, అలా అంటే అది అతనికీ అన్యాయం, ఆ స్త్రీలకీ అన్యాయం. నేను చెప్పేది పెళ్లి అనే మాటకి ఇచ్చిన పని గురించి. అది ముందు జరిగినదాన్ని చెరిపేసే రబ్బరు. చట్టం ఘోరమైన వాటిని చెరపడానికి వాడింది, కామెడీ చిన్నవాటిని చెరపడానికి వాడింది. ఒకటి ఏడిపిస్తుంది, ఒకటి నవ్విస్తుంది, రెండూ ఆమెను అడగవు.

ఇప్పుడు సినిమా పేరుకి వద్దాం. "మగాళ్లు, ఎంత దుర్మార్గులో..." అనేది మాటకి మాట అనువాదం. కానీ అందులో ఉన్న గొంతు అది కాదు. అది కోపగించుకుంటూనే మురిసిపోయే గొంతు. మా వైపు ఆడవాళ్లు నవ్వు ఆపుకుంటూ "దొంగసచ్చినోళ్లు!" అంటారే, అది దీనికి సరైన తెలుగు. చివర ఉన్న మూడు చుక్కలు కూడా ముఖ్యమే. నింద మొదలై, మధ్యలో మెత్తబడి, నిట్టూర్పులో కలిసిపోతుంది. మనం రోజూ వాడే "మగాళ్లింతే" అన్నదీ ఇదే వాక్యం. ఇన్నాళ్లూ నేను దాన్ని ఫిర్యాదు అనుకున్నాను. ఈ సినిమా పేరు మీద ఆలోచిస్తున్నకొద్దీ అది క్షమాపత్రం అనిపిస్తోంది. ఒక మనిషి, ఒక రోజు, ఒక హోటల్లో, ఒక పిల్లను వదిలి వెళ్లాడు. "మగాళ్లింతే" అనగానే ఆ మనిషి పోయి ఒక జాతి వస్తుంది. ఆ రోజు పోయి సృష్టి మొదటినుంచీ అన్న కాలం వస్తుంది. వానకీ ఎండకీ ఎవరు బాధ్యులు? మగతనాన్ని వాతావరణం చేసేశాక గొడుగు పట్టుకోవడం తప్ప మనం చేయగలిగిందేముంది?

మా పిన్ని కథ ఇక్కడ చెప్పాలి. చెప్పొచ్చా అని అడిగితే, పేరు రాయకపోతే చెప్పుకోమంది.

1963లో ఆమె పెళ్లయింది. వరుడు సర్కారు ఆఫీసులో పర్మనెంటు గుమాస్తా అని చెప్పారు. నిజానికి అది టెంపరరీ ఉద్యోగం, పెళ్లికి మూడు నెలల ముందే పోయింది. బాబాయి ఆ సంగతి చెప్పలేక రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని క్యారేజీ పట్టుకుని బయల్దేరేవాడు. సాయంత్రం దాకా మునిసిపల్ పార్కులో కూచుని, అక్కడే అన్నం తిని, అయిదున్నరకి అలిసిపోయిన ముఖంతో ఇంటికొచ్చేవాడు. నెల రోజులు ఇలా నడిచింది. పాలవాడు పార్కులో చూసి చెప్పాడు. ఈ కథ మా ఇళ్లల్లో జరిగిన ప్రతి పెళ్లిలో, ప్రతి పండక్కి పిన్ని చెప్పాల్సిందే. బాబాయి నడకని, ఆఫీసు అలసటని అనుకరిస్తూ చెప్పేది. కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. "వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు, మీ బాబాయి దొంగసచ్చినోడు, వెయ్యీ తనే ఆడాడు" అని ముగించేది. బాబాయి కూడా పక్కనే కూచుని నవ్వేవాడు. ఆయన మంచివాడే. తర్వాత వేరే ఉద్యోగం చూసుకున్నాడు, ఆమెను బాగా చూసుకున్నాడు.

ఆ రాత్రి సినిమా అయిపోయాక అడిగాను. "పిన్నీ, ఆ నెల రోజులూ నువ్వేం చేశావు?" యాభై ఏళ్లుగా ఆ కథ వింటున్నాను, ఒక్కసారీ అడగలేదు. పిన్ని కాసేపు ఊరుకుంది. మొదటి నెల జీతం రాకపోయేసరికి తన చేతిగాజులు రెండు తాకట్టుకి వెళ్లాయట. పుట్టింటికి చెబితే అల్లుడి పరువు, చెప్పకపోతే తన ఆకలి. అద్దె అడగడానికి వచ్చిన ఇంటావిడ ముందు తలుపు వెనకే నిలబడి మాట్లాడిందట. పందొమ్మిదేళ్ల పిల్ల. "మరి ఎప్పుడూ ఇదంతా చెప్పలేదేం?" అన్నాను.

"నవ్వుతూ చెప్తేనే గదే, మీరంతా కూచుని వినేది" అంది.

నేను ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు ఒక నిర్ణయంతో ఉన్నాను. కామెడీ ఆడవాళ్ల కష్టాన్ని నవ్వుగా మార్చి మాయం చేస్తుంది, మన నవ్వు అందుకు తోడ్పడుతుంది, కాబట్టి నవ్వడం మానాలి అని రాయబోయాను. పిన్ని మాటతో అది నిలవలేదు. ఆమెకి ఆ నవ్వే సాక్ష్యం చెప్పుకునే చోటు. ఏడుస్తూ చెప్పి ఉంటే మొదటిసారే నోరు మూయించి ఉండేవాళ్లు, సంసారం గుట్టు అనేవాళ్లు. నవ్వుగా చెప్పింది కాబట్టి యాభై ఏళ్లు, భర్త ఎదురుగా, బంధువుల ఎదురుగా, "ఈయన నాతో అబద్ధమాడాడు" అని చెబుతూనే ఉంది. మేం నవ్వాం, నవ్వి లేచిపోయాం. తప్పు ఆమె నవ్వించడంలో లేదు, మేం నవ్వాక ఏమీ అడగకపోవడంలో ఉంది.

మరి క్షమ సంగతేమిటి? ఆమె బాబాయిని క్షమించిందా? హన్నా ఆరెంట్ 1958లో 'ద హ్యూమన్ కండిషన్'లో క్షమ గురించి రాసింది నాకు ఇక్కడ పనికొచ్చింది. చేసిన పనిని వెనక్కి తీసుకోలేం. ఆ బంధం నుంచి మనుషులు ఒకరినొకరు విడిపించుకోగలిగే శక్తి క్షమ అంటుంది ఆమె. అయితే క్షమ ఎప్పుడూ ఒక మనిషికి సంబంధించినది. ఏం చేశారన్నది క్షమించబడేది, ఎవరు చేశారో ఆ మనిషి కోసం. అంటే క్షమించడానికి ఒక ముఖం కావాలి, ఒక పేరు కావాలి, ఒక పని కావాలి. "మగాళ్లింతే" అనే వాక్యంలో ఈ మూడూ లేవు. అందుకే అది క్షమలా కనిపిస్తుంది గానీ క్షమ కాదు. ఒక జాతిని క్షమించలేం, భరించగలం. సర్దుకుపోవడానికీ క్షమించడానికీ మధ్య ఉన్న తేడా ఇదేననుకుంటాను. సర్దుకుపోయేవాళ్లకి ఎదుటి మనిషి నోరు విప్పక్కర్లేదు. క్షమించాలంటే అతను "నేను చేశాను" అనాలి, ఆమె "నాకు ఇది జరిగింది" అనాలి. ఈ మాట ఆమె నోటి నుంచి రావడానికి చోటు దొరకనంత వరకు క్షమ అడగడం కూడా ఒక దబాయింపే.

పిన్ని లెక్క ఇదీ: బాబాయి చనిపోవడానికి రెండేళ్ల ముందు ఒకరోజు, ఎందుకో, "ఆ నెల నువ్వెట్లా గడిపావు?" అని అడిగాడట. ఆమె చెప్పిందట. ఆయన ఏమీ అనలేదట, చాలాసేపు కూచున్నాడట. "అప్పుడు పోయిందే నాకు" అంది పిన్ని. ఏం పోయిందో చెప్పలేదు. నేను అడగలేదు, ఈసారి అర్థమయింది కాబట్టి.

ప్రేమకథల్లో అబద్ధమే ఉండకూడదని నేననను. మనందరికీ ఇష్టమైన 1955 నాటి 'మిస్సమ్మ' మొత్తం ఒక అబద్ధం మీదే నడుస్తుంది. ఉద్యోగాల్లేని ఇద్దరు భార్యాభర్తలుగా నటిస్తారు. కానీ ఆ అబద్ధం ఇద్దరూ కలిసి లోకంతో ఆడినది. ఏం జరుగుతోందో ఆమెకి తెలుసు, షరతులు పెట్టే హక్కు ఉంది, కోపం వస్తే చూపించే చోటు ఉంది. సావిత్రి ముఖంలో ఆ చిరాకు సినిమా పొడవునా ఒక వాదంలా ఉంటుంది. కలిసి ఆడిన అబద్ధంలో ప్రమాదం ఇద్దరిదీ. ఒకరి మీద ఒకరు ఆడిన అబద్ధంలో ఆనందం ఒకరిది, దారిలో చిక్కుకుపోవడం ఒకరిది. నటన ఎంత సరదాగా ఉన్నా తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు అన్నది అడిగితే చాలు, ఏ అబద్ధం ఏ రకానిదో తేలిపోతుంది.

డి సికా తర్వాత దర్శకుడయ్యాడు. 1948లో 'బైసికిల్ థీవ్స్' తీశాడు. పదహారేళ్ల కిందట ఒక పిల్ల చూపు గెలవడానికి చాలని సైకిల్, ఆ సినిమాలో ఒక కుటుంబానికి అన్నం. అందులో మొదట్లోనే, తాకట్టులో ఉన్న ఆ సైకిల్‌ను విడిపించడానికి భార్య పక్క దుప్పట్లు తీసుకెళ్లి కుదువ పెడుతుంది. ఈ మధ్య మళ్లీ చూసినప్పుడు నా కళ్లు ఆ దుప్పట్ల దగ్గరే ఆగిపోయాయి. పిన్ని గాజులు గుర్తొచ్చాయి.

'మస్కాల్త్సోని' చివరి ఘట్టం టాక్సీలో జరుగుతుంది. అపార్థాలన్నీ అయ్యాక బ్రూనో, మరియుచ్చా వెనక సీట్లో ఉంటారు, రాజీ పడతారు, పెళ్లి ఖాయమవుతుంది. ముందు సీట్లో బండి నడుపుతున్నది ఎవరో కాదు, ఆమె తండ్రే. ఎంతో అందమైన ముగింపు. మొదట సైకిల్, తర్వాత యజమాని కారు, ఇప్పుడు నాన్న టాక్సీ. మూడు బళ్లలో దేని పగ్గమూ ఆమె చేతిలో లేదు. ఇది నేను పాఠంలో చెప్పే మాట, పిల్లలు రాసుకుంటారు.

పిన్ని ఆ తెర వంక చూస్తూ, "పోనీలే, చివరికి నాన్న బండిలోనే ఇంటికి పోయింది" అంది. కాస్త ఆగి, "ఆ అబ్బాయికి చెప్పిందా, ఆ సాయంత్రం హోటల్లో ఏమనిపించిందో?" అని అడిగింది.

చెప్పింది, చెప్పలేదు అని నేను వాదించలేదు. పాట మళ్లీ పెట్టాను. ప్రేమ గురించి నాతో మాట్లాడు అంటున్నాడతను. మా అమ్మాయి చాప మీంచి తల ఎత్తి, "మాట్లాడితే వింటాడా, అమ్మమ్మా?" అంది. ఈసారి నలుగురం నవ్వాం. నవ్వాక ఎవరూ లేచి వెళ్లలేదు.